మా ఊరి పాత హత్య కేసు: పెద్దలు చెప్పే మూడు కథల్లో దేన్ని నమ్మాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివేవాళ్ళకి తెలియాలి కదా. మీది గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు, వంశధార ఒడ్డున, తెలుగువాళ్ళే ఎక్కువగా ఉండే ఊరు. చిన్న రైలు నడిచే రోజుల్లో, పెద్ద వరదకి కాస్త అటూ ఇటూగా, సంత చేసుకుని తిరిగొస్తున్న చింతపండు వ్యాపారి ఒకాయన గెడ్డ (వాగు) దగ్గర చచ్చిపడి ఉన్నాడు. ఎవరూ పట్టుబడలేదు. ఇప్పుడు ఊళ్ళో మూడు కథలు తిరుగుతున్నాయి. అవతలి రాష్ట్రం దొంగలు డబ్బు కోసం చంపారని కొందరు, పంపకాల తగాదాలో తమ్ముడే చేయించాడని కొందరు, ఏటి మీద వంతెన నిలబడటానికి నరబలి ఇచ్చారని మిగతావాళ్ళు అంటున్నారు. వీటిలో ఏది నిజం, కాగితాలు ఎక్కడుంటాయి, కేసు మళ్ళీ తెరిపించవచ్చా, ఇదంతా రాసి ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టవచ్చా అని మీ ప్రశ్నలు.

పర్లాకిమిడి, గుణుపురం కోర్టుల్లో ఎక్కువ కాలం క్రిమినల్ కేసులు చూసిన వకీలుని నేను. ఇలాంటి కథ లేని ఊరు ఈ పక్క నాకు తగల్లేదు. మూడింట్లో ఒకటి ఎంచుకుందామని మొదలుపెడితే మాత్రం మీరు దారి తప్పుతారు. ఈ కథల్లో హంతకుడి సంగతి ఉండేది తక్కువ. ఆ రోజుల్లో ఊళ్ళో ఎవరికి ఎవరంటే పడదో, ఎవరంటే భయమో, ఆ సంగతే ఎక్కువ. అయితే కథల మధ్యలో ఎవరికీ పనికిరాని చిన్న చిన్న ముక్కలు కొన్ని ఉంటాయి. మీరు ఏరుకోవలసింది వాటిని.

దొంగల కథ ముందు చూద్దాం. మన వైపు ఊళ్ళలో దొంగ ఎప్పుడూ ఆంధ్రా నుంచి వస్తాడు. పాతపట్నం అవతలికి వెళ్ళి అడగండి, అక్కడ దొంగ ఎప్పుడూ ఒడిశా నుంచి వస్తాడు. ఈ కథ అందరికీ నచ్చడానికి కారణం ఒకటే: ఊళ్ళో ఎవరినీ అనుమానించక్కర్లేదు, రేపు పొద్దున్న అందరూ ఒకే బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకోవచ్చు. దానికి తోడు ఆ దొంగల పేర్లు కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. బాగా ముసలివాళ్ళైతే స్టువర్టుపురం వాళ్ళంటారు. ఒక జాతి మొత్తాన్ని పుట్టుకతోనే నేరస్థులుగా ముద్ర వేసిన తెల్లదొరల చట్టం 1871లో వచ్చింది, 1952లో పోయింది, కానీ ఆ ముద్ర మన నాలుకల మీంచి ఇంకా పోలేదు. 1967లో పార్వతీపురం వైపు లేవిడిలో గిరిజనుల మీద జరిగిన కాల్పుల తరవాత కొన్నేళ్ళపాటు ఇటు గుణుపురం కొండల దాకా ఏ వడ్డీవ్యాపారి చచ్చినా నక్సలైట్లే అన్నారు. కొన్ని నిజమే. కానీ ఆ మాట చాటున సొంత పగలు తీర్చుకున్నవాళ్ళూ లేకపోలేదు. మొన్న 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళొచ్చారంటూ ఫోన్లలో వీడియోలు తిరిగాయి చూడండి, అదీ ఈ కోవలోదే.

అలాగని దొంగల కథని కొట్టిపారెయ్యకండి. సరిహద్దు వల్ల నేరస్థుడికి కలిసొచ్చే మాట నిజం. చట్టంలో అడ్డేమీ లేదు, పాత సి.ఆర్.పి.సి., అంటే పోలీసులూ కోర్టులూ నడుచుకునే పద్ధతి చెప్పే చట్టం, 48వ సెక్షన్ ప్రకారం పోలీసు తను అరెస్టు చెయ్యదగ్గ మనిషిని దేశంలో ఎక్కడికైనా వెంటాడవచ్చు. జరిగేది వేరు. అనుమానితుడు అత్తారింటికని అటు పాతపట్నమో మెళియాపుట్టో వెళ్ళి కూర్చుంటాడు. ఇక్కడి ఎస్సై అక్కడి స్టేషన్‌కి ఉత్తరం రాస్తాడు, అది భాష తెలిసిన కానిస్టేబుల్ చేతికి వచ్చేసరికి పంట కోతలు అయిపోతాయి.

మీ దొంగల కథని పరీక్షించడానికి ఒక్క ప్రశ్న చాలు: డబ్బు పోయిందని ఎవరు చెప్పారు? దీని మీద నాకు తెలిసిన కేసు ఒకటి చెబుతాను. ఊరి పేరు చెప్పను. అక్కడా వ్యాపారే, అక్కడా సంత రోజే. డబ్బు కోసమే చంపారని ఊరంతా ఏకగ్రీవం, పోయిన సొమ్ము ఏటేటా పెరుగుతూ వచ్చింది. కొడుకు పెద్దవాడయ్యాక నా దగ్గరికి వస్తే పంచనామా నకలు తీయించాం. అందులో శవం మీద ఉన్న వస్తువులు వరసగా రాసి ఉన్నాయి. తెల్ల పంచె, ఎడమ మోచేతి దగ్గర చిరిగిన చొక్కా, ఒక కాలికే చెప్పు, మూత ఊడిన సున్నం డబ్బీ, రొంటిన దోపిన గుడ్డ సంచి, దానిలో నోట్లు, ఏ నోటు ఎన్నో లెక్కతో సహా. డబ్బు పోనేలేదు. ఆ ఒక్క వరస చదివాక ఎప్పట్నుంచో వింటున్న కథ అక్కడికక్కడే పడిపోయింది. కొడుకు ఆ కాగితాన్ని మళ్ళీ మళ్ళీ చదివి, "మరైతే మా అమ్మకి ఆ డబ్బు ఎవరూ ఇవ్వలేదేంటండీ" అని అడిగాడు. అది ఇంకో కథ, ఇక్కడ వద్దు.

అందుకే మిమ్మల్ని పంచనామా మీద ఇంత పట్టుబట్టమంటున్నాను. అనుమానాస్పదంగా ఎవరు చచ్చినా పోలీసు వచ్చి, ఊళ్ళో ఇద్దరు పెద్దమనుషుల ఎదుట శవాన్ని చూసి రాసే కాగితం అది. పాత సి.ఆర్.పి.సి.లో 174వ సెక్షన్, దాని బదులు వచ్చిన కొత్త చట్టం బి.ఎన్.ఎస్.ఎస్.లో 194. తల ఏ దిక్కుకి ఉంది, దెబ్బలెక్కడ, నేల తడిగా ఉందా, ఏయే వస్తువులు దొరికాయి అన్నీ ఉంటాయి. రాసినవాడికి ఆ పూట ఏ సిద్ధాంతమూ ఉండదు, ఎండలో నిలబడి కనిపించింది రాసుకుంటాడు. కింద సంతకాలు పెట్టిన పంచాయితుదార్ల పేర్లు చూసుకోండి. ఆ రోజుల్లో నాయుడో, బడిపంతులో, పోస్టుమాస్టరో అయి ఉంటారు. వాళ్ళు పోయినా పిల్లలు ఉంటారు, ఆ ఇంట్లో విన్న మాట మిగతా ఊరి మాట కంటే ఎప్పుడూ ఒక మెట్టు పైనే.

మీకు రుచించకపోవచ్చు గానీ మరో మాట కూడా చెప్పాలి. అసలది హత్యేనా? ఊరి జ్ఞాపకంలో హత్యగా మిగిలినవి ఎన్నో స్టేషన్ పుస్తకంలో యు.డి. కేసులుగా, అంటే అసహజ మరణాలుగా ఉంటాయి. గెడ్డ దాటుతూ పడిపోవడం, పాము కాటు, తాగి బోర్లా పడటం. ఎఫ్.ఐ.ఆర్. అసలు కట్టారా, లేక యు.డి. తోనే మూసేశారా అన్నది ముందు తేల్చుకోండి. పోస్టుమార్టం కాగితం దొరికితే ఇంకా మంచిది. ఊరు గొడ్డలి దెబ్బ అంటుంటే డాక్టరు ఊపిరితిత్తుల్లో నీళ్ళున్నాయని రాసి ఉండవచ్చు. డాక్టర్లూ పోలీసులూ పొరపడరని కాదు, డబ్బు తీసుకుని రాసినవీ ఉంటాయి. కానీ వాళ్ళు రాసింది ఏమిటో చూడకుండా వాళ్ళు తప్పు రాశారని అనలేం కదా.

ఇక తమ్ముడి కథ. ఇదే అన్నిటికంటే బరువైంది, ఎందుకంటే ఆ ఇంటివాళ్ళు ఇంకా మీ వీధిలోనే ఉన్నారని రాశారు. ఇలాంటి వాటిలో నేను చూసేది తారీకులు. తగాదా చావుకి ముందుదా, తరవాతదా? చాలా చోట్ల అన్నదమ్ముల గొడవ అన్న చచ్చాకే మొదలవుతుంది. వదినకి వాటా ఇవ్వాలా వద్దా, పిల్లలు మైనర్లు కాబట్టి సాగు ఎవరు చెయ్యాలి, సంతలో రావలసిన బాకీలు ఎవరు వసూలు చేసుకోవాలి, ఇలాంటివి. పదేళ్ళు పోయేసరికి ఆ గొడవ ఊరి నోట్లో వెనక్కి జరిగి చావుకి ముందుకు వచ్చి కూర్చుంటుంది, కారణం అయిపోతుంది. అబద్ధం చెప్పాలని ఎవరూ అనుకోరు. గొడవ కళ్ళారా చూశారు, చావూ చూశారు, రెంటినీ కలిపేశారు. అందుకని తహసీల్ ఆఫీసులో ఆ పట్టా మ్యుటేషన్, అంటే పేరు మార్పు, ఎప్పుడు జరిగిందో చూడండి. పంపకాల దావా పడిందా, పడితే ఏ సంవత్సరం సూటో చూడండి. దావా చావుకి రెండేళ్ళ ముందుదైతే కథకి కొంత ఆధారం ఉన్నట్టు. తరవాతదైతే ఒక కుటుంబం ఇన్నేళ్ళూ ఉత్తి పుణ్యానికి నింద మోసినట్టు. ఆ పట్టా కాగితం ఒక్కటి తెచ్చుకుంటే మీ వీధిలో ఎవరికో కాస్త నిద్ర పట్టవచ్చు.

ఈ కథ మొదట ఎవరి నోట వచ్చిందన్నది కూడా అడగాలి. "అందరూ అంటారు" అని చెప్పేవాణ్ణి, "మీకు ఎవరు చెప్పారు పెద్దనాన్నా" అని అడగండి. ఆ పేరు దగ్గరికి వెళ్ళి మళ్ళీ అదే అడగండి. నాలుగైదు ఇళ్ళు తిరిగేసరికి దారులన్నీ ఒకే అరుగు దగ్గరికి చేరతాయి. ఆ అరుగు యజమానికి ఆ భూమి గట్టు పక్కనే చేను ఉందా అన్నది అప్పుడు చూసుకోవాలి. పది మంది చెప్పారంటే పది సాక్ష్యాలు కాదు, ఒక్కడు చెప్పింది పది మంది మోశారు, అంతే.

నరబలి కథకి ఎక్కువ మాటలక్కర్లేదు. మన వైపు ఏ వంతెన కడుతున్నా, ఏ ఆనకట్ట కడుతున్నా కాంట్రాక్టరు తలలు అడుగుతున్నాడనే పుకారు లేస్తుంది, పిల్లల్ని సాయంత్రం దాటాక బయటికి పంపరు. వంతెన దగ్గర శిలాఫలకం ఉంటుంది, దాని మీది సంవత్సరాన్ని చావు సంవత్సరంతో పోల్చండి. అక్కడే తేలిపోవచ్చు. కానీ ఈ కథకి తోడుగా చిల్లంగి (చేతబడి) మాట ఎక్కడైనా వస్తే, ఫలానా ముసలామె చేయించిందనో, ఫలానా సవర గురువు చేశాడనో ఎవరైనా అంటే, ఆ పేరు మీ నోట్‌బుక్కులో కూడా రాసుకోకండి. ఈ జిల్లాల్లో చిల్లంగి అనుమానంతో మనుషుల్ని చంపడం పాతకాలం మాట కాదు. ఒడిశా ప్రభుత్వం 2013లో దీనికోసమే విడిగా చట్టం తెచ్చింది. పాత చావుకి కారణం వెతుకుతూ కొత్త చావుకి మనం కారణం కాకూడదు.

ఎవరికీ పనికిరాని ముక్కలు అన్నాను కదా, అదేమిటో చెబుతాను. ఇంతకుముందు చెప్పిన కేసులోనే ఒక ముసలమ్మ ఉండేది. హంతకుడెవరో ఆమెకి తెలియదు, తెలుసని ఎప్పుడూ అనలేదు కూడా. ఆమె చెప్పేదల్లా ఒకటే: ఆ రాత్రి రెండో ఝాములో ఒక బండి వీధిలోంచి పోయింది, ఒక ఎద్దు మెడలోనే గంట మోగింది, రెండోదానికి లేదు. ఎవరు అడిగినా అంతే, ముందూ వెనకా ఏమీ కలపదు. అది ఏ కథలోనూ ఇమడదు కాబట్టి జనం దాన్ని పట్టించుకోలేదు. కాగితాలు తీసి చూస్తే గ్రామరక్షి (ఊరి కాపలావాడు) వాంగ్మూలంలో కూడా ఒక ఎద్దుకే గంట ఉన్న బండి మాట ఉంది. ఇద్దరికీ మాటల్లేవు, ఇళ్ళు ఊరికి ఆ చివరా ఈ చివరా. కేసు దానితో తేలిపోలేదు. కానీ ఆ రాత్రి గురించి మనకి గట్టిగా తెలిసింది అదొక్కటే. మీ ఊళ్ళోనూ ఇలాంటి మాట ఒకటో రెండో ఉంటాయి. కథ చెప్పేటప్పుడు మనిషి గొంతు పెంచే చోట కాదు, మధ్యలో ఊరికే వచ్చిపోయే చోట చెవి పెట్టండి.

పెద్దవాళ్ళని అడిగేటప్పుడు "ఏ సంవత్సరం" అని అడగకండి, తప్పే చెబుతారు. "వరదకి మన పాక కొట్టుకుపోకముందా, తరవాతా", "అప్పటికి నీ పెళ్ళయిందా అత్తా", "పెద్దోడు కడుపులో ఉన్నాడా" అని అడగండి. 1980 వంశధార వరద మీ ఊరికి మంచి గుర్తు. ముఖ్యంగా, ఆ రాత్రి వాళ్ళు ఎక్కడున్నారో అడగండి. శవాన్ని చూశామని చెప్పేవాళ్ళలో సగం మంది ఆ వారం ఊళ్ళోనే లేరని తేలుతుంది. నలుగురినీ అరుగు మీద కూర్చోబెట్టి అడిగితే ఒకటే కథ వస్తుంది, ఎవరి ఇంట్లో వాళ్ళని విడివిడిగా అడగండి.

కాగితాల సంగతికొద్దాం. ఇక్కడే చాలామంది తిరిగి తిరిగి వదిలేస్తారు, ఎందుకంటే జిల్లాలు మారిపోయాయి. గజపతి జిల్లా, రాయగడ జిల్లా రెండూ 1992 అక్టోబరు 2న పుట్టినవి. అంతకుముందు పర్లాకిమిడి, కాశీనగర్ గంజాం జిల్లా కింద, గుణుపురం కోరాపుట్ జిల్లా కింద ఉండేవి. కాబట్టి మీ కేసు 1980 ప్రాంతానిదైతే మేజిస్ట్రేటు కాగితం పర్లాకిమిడిలో, సెషన్స్‌కి వెళ్ళి ఉంటే బరంపురంలో వెతకాలి. గుణుపురం వైపు కేసులైతే అప్పటి జిల్లా కోర్టు జయపురంలో. 1936 ఏప్రిల్ 1కి ముందువైతే మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం, హైకోర్టు కాగితాలు మద్రాసులోనే. ఏటి అవతలి ఊరిదైతే ఇంకో లెక్క: పార్వతీపురం 1979 జూన్ 1న విజయనగరం జిల్లా ఏర్పడే దాకా శ్రీకాకుళం కిందే, ఇప్పుడు 2022 నుంచి సొంతంగా మన్యం జిల్లా. శవం రైలు కట్ట పక్కన దొరికి ఉంటే మామూలు స్టేషన్ కాదు, రైల్వే పోలీసుల దగ్గర వెతకాలి. నౌపడ నుంచి గుణుపురం దాకా ఉన్న ఆ లైను టెక్కలి, పాతపట్నం మీదుగా వచ్చి ఒడిశాలోకి దిగుతుంది కాబట్టి ఏ రాష్ట్రం రైల్వే పోలీసులన్నది స్టేషన్ల మధ్య ఎక్కడన్న దాన్ని బట్టి ఉంటుంది.

పోలీసు స్టేషన్లో విలేజ్ క్రైమ్ నోట్‌బుక్ అని ఊరికొక పుస్తకం పెట్టేవారు. అందులో ఒక్క వరస దొరికినా ఎఫ్.ఐ.ఆర్. నంబరు, సంవత్సరం తెలుస్తాయి, మిగతాది తేలిక. స్టేషన్లో మాటతో పని జరగదు, సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి. దర్యాప్తు దెబ్బతింటుందని 8(1)(హెచ్) చూపించి తిప్పి పంపడం మామూలే. అప్పుడు 8(3) చూపించండి. ఇరవై ఏళ్ళు దాటిన సంఘటన అయితే కొద్ది మినహాయింపులు తప్ప సమాచారం ఇవ్వాలని అందులో ఉంది. కాగితాలు గడువు తీరాక నాశనం చేశారంటే ఆ నాశనం చేసిన రిజిస్టరు నకలు అడగండి. ఆ మాట వినగానే కొన్నిసార్లు ఫైలు దొరుకుతుంది, అదేం మాయో. పాత పేపర్లు కూడా చూడండి. ఈనాడు విశాఖ నుంచి 1974 ఆగస్టులో మొదలైంది, టెక్కలి, పాతపట్నం విలేకర్లు ఇటు వార్తలు కూడా పంపేవారు. నాలుగు వరసల వార్తలో తారీకు మాత్రం ఖాయంగా ఉంటుంది.

పోలీసులు తీసుకున్న వాంగ్మూలాలు దొరికితే ఒక జాగ్రత్త. వాటి మీద సాక్షి సంతకం ఉండదు, చట్టమే పెట్టించవద్దంటుంది. మన వాళ్ళు తెలుగులో చెబితే రైటరు ఒడియాలో కుదించి రాసేవాడు, తిరిగి చదివి వినిపించడం అరుదు. మీ తాత పేరు మీద ఉన్న మాట మీ తాత అన్నదే అని గట్టిగా అనుకోకండి. "స్టేషన్లో ఒప్పుకున్నాడట" అని ఊరు చెప్పే మాటకి కోర్టులో విలువ లేదు, పోలీసు ముందు ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. ఒప్పుకున్నవాణ్ణి వదిలేశారు కాబట్టి డబ్బు తిన్నారు అనే కథ ఇక్కడ్నుంచే పుడుతుంది. తినలేదని నేను అనట్లేదు, వదిలేయడానికి అదొక్కటే కారణం కాదంటున్నాను.

కేసు మళ్ళీ తెరవొచ్చా? హత్యకి కాలపరిమితి లేదు. నేరం నిజమే కానీ ఆచూకీ లేదని ఒడిశా పోలీసులు వేసే ఫైనల్ రిపోర్టుని ఎఫ్.ఆర్.టి. అంటారు. అది వేసినంత మాత్రాన తలుపు మూసుకుపోదు, కొత్త ఆధారం వస్తే మరింత దర్యాప్తు చేసే వీలు పాత సి.ఆర్.పి.సి. 173(8)లోనూ ఉంది, ఇప్పటి బి.ఎన్.ఎస్.ఎస్. 193(9)లోనూ ఉంది. కేసు మూసేముందు ఫిర్యాదుదారుకి నోటీసిచ్చి మేజిస్ట్రేటు వినాలని సుప్రీం కోర్టు 1985లో భగవంత్ సింగ్ కేసులో చెప్పింది. అంతకుముందు మూసిన కేసుల్లో చాలా ఇళ్ళకి కేసు మూసినట్టే తెలియదు, "ఇంకా నడుస్తోంది" అనుకుంటూ ఉండిపోయారు. ఇదంతా చట్టం మాట. నిజం చెప్పాలంటే నలభై ఏళ్ళు దాటాక డాక్టరు ఉండడు, ఎస్సై ఉండడు, వస్తువులు కోర్టు మాలఖానాలో, అంటే కేసుల సామాను దాచే గదిలో, చెదలు పట్టి ఉంటాయి. పాత కేసుల్లో డి.ఎన్.ఏ. పరీక్షలతో పట్టుకున్నారని టీవీలో చూసి ఆశపడకండి, దానికి నమూనా దాచి ఉండాలి. శిక్ష పడుతుందని కాకుండా, ఆ కుటుంబానికి కాగితం చేతికివ్వాలని వెళ్ళేటట్టయితే వెళ్ళండి.

వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. తమ్ముడు చచ్చిపోయాడు కదా, ఇంకేం భయం అనుకోకండి. చచ్చినవాడి మీద నింద వేసినా, అది ఇంట్లోవాళ్ళ మనసు నొప్పించేలా ఉంటే పరువు నష్టమేనని పాత శిక్షాస్మృతి ఐ.పి.సి. 499లోనే ఉంది, దాని బదులు వచ్చిన బి.ఎన్.ఎస్.లో 356 కిందా ఉంది. కేసు మాట అటుంచండి, ఆ ఇంట్లో పెళ్ళి కావలసిన పిల్ల ఉందనుకోండి. మీ మెసేజి సాయంత్రానికి టెక్కలి, మర్నాటికి రాయగడ చేరుతుంది. రాయండి, బాగా రాయండి, కానీ కాగితం మీద రాసి ఇంట్లో ఉంచండి. ఎవరు చెప్పారు, ఏ రోజు చెప్పారు, ఆ రాత్రి వాళ్ళు ఎక్కడున్నారు, సొంతంగా చూసిందేది, విన్నదేది అన్నది పక్కపక్కన రాసుకోండి. ఊహని ఊహ అనే రాయండి.

వ్యాపారి భార్య ఇంకా ఉన్నారని, మంచం మీదే ఉన్నారని రాశారు. కాగితాల కంటే ముందు ఆమె దగ్గరికి వెళ్ళండి, ఒక్కరే కాకుండా మీ అమ్మగారిని తీసుకుని. ఫోన్లో రికార్డు చెయ్యాలంటే ముందే అడగండి, వద్దంటే మానెయ్యండి. ఎవరు చంపారని మాత్రం అడగవద్దు. ఆ రోజు పొద్దున్న ఆయన ఏం తిని బయల్దేరారు, ఎవరితో వెళ్ళారు, ఏ చొక్కా వేసుకున్నారు, ఎప్పటికల్లా వస్తానన్నారు, ఇవి అడగండి. ఆ చొక్కా పంచనామాలో ఉన్న చొక్కాతో కలుస్తుందో లేదో తరవాత చూసుకుందాం. ఎఫ్.ఐ.ఆర్. నంబరు దొరికితే నాకు చెప్పండి, దరఖాస్తు నమూనా ఒడియాలో రాసి పంపుతాను.